మెసలమైన్ సమీక్ష: పిల్లల అల్సరేటివ్ కొలైటిస్‌కి మాత్రా, గుళికల ప్యాకెట్టా, ఎనీమానా, సపోజిటరీనా

మందుల షాపులో మెసలమైన్ అనే ఒక్క పేరు మీద నాలుగు రకాల సరుకు దొరుకుతుంది: మాత్ర, గుళికల ప్యాకెట్, ఎనీమా సీసా (మలద్వారం నుంచి ఎక్కించే ద్రవం), సపోజిటరీ (మలద్వారంలో పెట్టే బిళ్ళ). చీటీలో రాసింది లేకపోతే "ఇది కూడా అదే మందు" అంటూ కౌంటర్ మీదే మార్చి ఇచ్చేయడం మామూలు. జ్వరం బిళ్ళకి అది చెల్లుతుందేమో గానీ దీనికి చెల్లదు. మెసలమైన్ రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరిగి పనిచేసే మందు కాదు. పేగు లోపలి పొరకి ఎక్కడ తగిలితే అక్కడే పనిచేస్తుంది. ఒకరకంగా పేగుకి రాసే పూతమందు. మోకాలికి దెబ్బ తగిలితే మోచేతికి మందు రాయం కదా. అందుకే ఈ నాలుగింటినీ తూచేటప్పుడు మేం ధరకన్నా, బ్రాండ్‌కన్నా ముందు చూసేది ఒక్కటే: మందు ఎక్కడ దిగుతోంది?

పిల్లల విషయంలో ఈ ప్రశ్న ఇంకా గట్టిగా అడగాలి. అల్సరేటివ్ కొలైటిస్ అంటే పెద్దపేగు లోపలి పొర వాచి, పుళ్ళు పడి, నెత్తురు కారడం. సాధారణంగా అది మలాశయం దగ్గర మొదలై, మధ్యలో ఖాళీ వదలకుండా పైకి పాకుతుంది. పెద్దవాళ్ళలో చాలామందికి ఎడమ పక్కనే ఆగుతుంది. పిల్లల్లో మాత్రం రోగం బయటపడే నాటికే సగం కన్నా ఎక్కువ మందికి పెద్దపేగంతా పట్టి ఉంటుంది. కాబట్టి పై నుంచి మాత్ర ఒక్కటే వేసినా, కింది నుంచి ఎనీమా ఒక్కటే ఇచ్చినా సగం పనే. తేలికపాటి, మధ్యస్థ దశల్లో రెండూ కలిపి ఇస్తేనే ఫలితం బాగుంటుందని పిల్లల పేగు నిపుణుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. మన ఇళ్ళలో జరిగేది దీనికి తలకిందులు. మాత్ర శ్రద్ధగా వేస్తారు, ఎనీమా పెట్టె బీరువాలో పడి ఉంటుంది.

కొనే ముందు

రోగం ఇదేనని తేలకుండా ఈ మందు కొనడం దండగ. నెత్తురు, జిగురు కలిసిన విరేచనాలంటే మన దగ్గర మొదట అనుమానించాల్సింది అమీబా, షిగెల్లా లాంటి ఇన్ఫెక్షన్లనే. అది సబబే. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, ఓఫ్లాక్సాసిన్–ఆర్నిడజోల్ సిరప్ మూడోసారి, నాలుగోసారి కూడా రాయించుకుని మల పరీక్ష ఒక్కసారీ చేయించకపోవడంలో. నెత్తురు విరేచనాలు రెండు వారాలు దాటినా, తగ్గి మళ్ళీ వచ్చినా, బరువు తగ్గినా, ఎత్తు పెరగడం ఆగినా, రాత్రి నిద్రలోంచి లేచి బాత్రూమ్‌కి పరిగెత్తుతున్నా పిల్లల గ్యాస్ట్రోఎంటరాలజిస్టు దగ్గరికి వెళ్ళాల్సిందే. బయాప్సీతో కూడిన కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగుని చూసి, చిన్న ముక్క తీసి పరీక్షించడం) లేకుండా ఈ రోగాన్ని ఖాయం చేయరు. ఏడాది లోపు పసిబిడ్డకి నెత్తురు పడితే ఆవుపాల ప్రొటీన్ అలర్జీని ముందు చూస్తారు. మూడు నాలుగేళ్ళ పిల్లాడికి నొప్పి లేకుండా, గట్టి మలం మీద తాజా నెత్తురు కనిపిస్తే అది పాలిప్ (పేగు లోపలి పొర మీద పెరిగే చిన్న కండ) కావచ్చు. ఆరేళ్ళలోపే కొలైటిస్ అని తేలితే జన్యు పరీక్షలు, రోగనిరోధక శక్తి పరీక్షలు కూడా అడుగుతారు. డాక్టర్ అతి చేస్తున్నారని అనుకోవద్దు, ఆ వయసులో కారణాలు వేరుగా ఉంటాయి. అమీబా ఉందేమో చూడకుండా స్టెరాయిడ్ మొదలుపెట్టడం మాత్రం నిజంగా ప్రమాదం.

పాత కాపు: సల్ఫాసలజైన్

మెసలమైన్ గురించి మాట్లాడాలంటే దీని నుంచే మొదలుపెట్టాలి. కీళ్ళవాతం కోసం స్వీడన్ వైద్యురాలు నాన్నా స్వార్ట్జ్ చొరవతో 1930ల చివర తయారైన మందు ఇది. ఒక సల్ఫా మందునీ, ఇప్పుడు మనం మెసలమైన్ అంటున్న పదార్థాన్నీ ఒక గొలుసుతో ముడేశారు. పెద్దపేగులోని బ్యాక్టీరియా ఆ గొలుసుని తెంపితే రెండూ విడిపోతాయి. పనిచేస్తున్నది వీటిలో ఏదో నాలుగు దశాబ్దాలు ఎవరికీ తెలీదు. 1977లో ఆక్స్‌ఫర్డ్‌లో బంగ్లాదేశ్ వైద్యుడు ఆజాద్ ఖాన్, ట్రూలవ్ బృందం రెండు భాగాల్నీ విడివిడిగా రోగులకి ఎనీమాగా ఇచ్చి చూసి, పని మెసలమైన్‌దేనని తేల్చారు. ఎనీమా అంటే మొహం చిట్లించేవాళ్ళు గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇది. ఈ మందు తన గుణం నిరూపించుకున్నదే ఎనీమా రూపంలో.

సల్ఫాసలజైన్ చవక. సాజ్ లాంటి బ్రాండ్లలో సులువుగా దొరుకుతుంది. కొలైటిస్‌తో పాటు కీళ్ళ నొప్పులున్న పిల్లలకి ఇప్పటికీ మంచి ఎంపికే. మోతాదు రోజుకి కిలో బరువుకి 40 నుంచి 70 మి.గ్రా., గరిష్ఠం 4 గ్రాములు. మొదటి రోజే పూర్తి మోతాదు వేస్తే తలనొప్పి, వాంతులు రావొచ్చు. అందుకే ఒకటి రెండు వారాల్లో మెల్లగా పెంచుతారు. ఫోలిక్ ఆసిడ్ పక్కన ఉండాలి, ఎందుకంటే ఈ మందు ఫోలేట్‌ని పేగులోంచి సరిగ్గా ఎక్కనివ్వదు. సల్ఫా అలర్జీ ఉంటే వద్దు. జీ6పీడీ (ఎర్రకణాల్ని కాపాడే ఎంజైమ్) లోపముంటే ఎర్రకణాలు పగిలిపోయే ముప్పుంది, మొదలుపెట్టే ముందే చెప్పాలి. మూత్రం నారింజ రంగులోకి మారితే కంగారు పడనక్కర్లేదు.

మెసలమైన్ మాత్రలు

విడి మెసలమైన్‌ని ఉత్తినే మింగితే చిన్నపేగు పైభాగంలోనే రక్తంలోకి వెళ్ళిపోయి మూత్రంలో బయటికి పోతుంది. పెద్దపేగుకి మిగిలేది కొంచెమే. అందుకే కంపెనీలు దాని చుట్టూ రకరకాల తొడుగులు వేస్తాయి. అసలు తేడాలన్నీ ఆ తొడుగులోనే.

ఒక రకం తొడుగు పేగులో పీహెచ్ (ఆమ్లగుణం కొలత) 6 లేదా 7 దాటాక కరుగుతుంది. అంటే చిన్నపేగు చివర, పెద్దపేగు మొదట్లో. మెసాకాల్ లాంటి 400 మి.గ్రా., 800 మి.గ్రా. మాత్రలు ఈ కోవలోవి. రోజుకొకసారి వేసే 1.2 గ్రాముల మాత్రలూ ఉన్నాయి. వాటిలో ఎమ్ఎమ్ఎక్స్ అనే రకం పెద్దపేగు పొడవునా మెల్లగా వదులుతుంది. అమెరికాలో దాన్ని 24 కిలోలు, ఆపైన బరువున్న పిల్లలకి అనుమతించారు. సమస్యల్లా సైజు. అది ఎనిమిదేళ్ళ గొంతుకి పెద్ద బిళ్ళే.

ఇక్కడే ఎక్కువ ఇళ్ళలో మందు నేలపాలవుతుంది. మింగలేకపోతున్నాడని మాత్రని రోకలితో నూరి తేనెలో కలిపి ఇస్తారు. నూరిన క్షణంలో తొడుగు పోయింది, మందు పెద్దపేగుకి చేరదు, నెల రోజుల తర్వాత "ఈ మందు మావాడికి పడలేదు" అని తీర్మానం. పిల్లాడికి మందు పడకపోవడం కాదది, తొడుగు పగలడం. నూరడం, నమలడం, సగానికి విరవడం ఈ రకానికి పనికిరావు. దాని బదులు మింగడం నేర్పించండి. ఐదారేళ్ళు దాటిన పిల్లలు వారం పది రోజుల్లో నేర్చుకుంటారు. నిటారుగా కూర్చోబెట్టి, పెద్దవాళ్ళు పక్కనుండి, ముందు సోంపు మిఠాయి గింజ ఒకటి నీళ్ళతో మింగించాలి. అది అలవాటయ్యాక కాస్త పెద్దది, ఆ తర్వాత ఇంకొంచెం పెద్దది. ఏడుపు మొదలైతే ఆరోజుకి ఆపేయాలి.

మలంలో ఖాళీ తొడుగు కనిపించడం మామూలే. మాత్ర మాత్రం చెక్కుచెదరకుండా పదేపదే బయటికొస్తుంటే డాక్టర్‌కి చెప్పాలి. విరేచనాల ఉరవడిలో అది కరిగేంత సేపు లోపల నిలవట్లేదన్నమాట. రకం మార్చాల్సి వస్తుంది.

గుళికల ప్యాకెట్

మా మొగ్గు చిన్నపిల్లల వరకూ దీనివైపే. పెంటాసా అనే బ్రాండ్ తరహాలో సన్నటి గుళికలకి ఇథైల్ సెల్యులోజ్ పొర ఉంటుంది. ఇది పీహెచ్ కోసం ఎదురుచూడదు. చిన్నపేగు మొదలు నుంచి పెద్దపేగు చివరిదాకా కొంచెం కొంచెంగా వదులుతూ పోతుంది. అందువల్ల కొంత మందు చిన్నపేగులోనే ఖర్చవుతుంది, అది దీని లోటు. లాభం ఏమిటంటే పెద్ద బిళ్ళ మింగే బెడద లేదు. ప్యాకెట్ చించి నాలుక మీద పోసి నీళ్ళు తాగించాలి, లేదా ఒక చెంచా పెరుగులో కలిపి వెంటనే మింగించాలి. నమలకూడదన్నది ఒక్కటే షరతు. ఇవే గుళికలతో చేసిన పెంటాసా తరహా మాత్రల్ని 50 మి.లీ. చల్లటి నీళ్ళలో వేసి కలిపితే గుళికలుగా విడిపోతాయి, వెంటనే తాగించొచ్చు. నూరడానికీ దీనికీ తేడా ఉంది, ఇక్కడ ఒక్కో గుళిక తొడుగు దానికే ఉంటుంది. గ్లాసు అడుగున మిగిలిపోయినవి మోతాదులో భాగమే. ఇంకొన్ని నీళ్ళు పోసి తిప్పి అవీ తాగించాలి.

చిక్కు మోతాదు దగ్గర. మెసలమైన్ రోజుకి కిలోకి 60 నుంచి 80 మి.గ్రా., గరిష్ఠం 4.8 గ్రాములు. 25 కిలోల పాపకి 1,500 నుంచి 2,000 మి.గ్రా. అన్నమాట. ఒక గ్రాము ప్యాకెట్లు రెండైతే సరిగ్గా సరిపోతుంది. 20 కిలోల బాబుకి 1,200 నుంచి 1,600. ఇక్కడ ఒక ప్యాకెట్ తక్కువ, రెండు ఎక్కువ. ప్యాకెట్‌ని కళ్ళతో సగం చేసేకంటే గుళికలుగా విడిపోయే ఆ 500 మి.గ్రా. మాత్రలు మూడు నీళ్ళలో కలపడం నయం. చాలామంది పిల్లల్లో రోజంతటి మోతాదునీ ఒకేసారి ఇచ్చినా రెండుసార్లు ఇచ్చినా ఫలితం దాదాపు ఒక్కటే. అంతా ఒకేసారైతే స్కూల్‌కి డబ్బా మోయనక్కర్లేదు. ఇంకో మాట. పిల్లలు పెరుగుతారు, చీటీ పెరగదు. రెండేళ్ళ కిందట 22 కిలోలకి రాసిన మోతాదే 32 కిలోలప్పుడూ నడుస్తుంటే అది సగం వైద్యమే. మూడు నెలలకోసారి బరువు చూసి లెక్క సరిచేయించాలి.

ఎనీమా

నాలుగింటిలోనూ ఎక్కువగా పనిచేసేది, తక్కువగా వాడేది ఇదే. మలాశయం, దాని పైనున్న ఎడమభాగం నెత్తురు ఎక్కువగా కారే చోటు. మాత్రలోని మందు అక్కడికి చేరేసరికి పలచబడిపోతుంది. ఎనీమా నేరుగా అక్కడే దిగుతుంది.

బజారులో దొరికే సీసా పెద్దవాళ్ళ లెక్కలో ఉంటుంది: 60 మి.లీ.లో 4 గ్రాములు. పిల్లల మోతాదు కిలోకి 25 మి.గ్రా., గరిష్ఠం 1 గ్రాము. అంతకుమించి ఇస్తే అదనపు లాభం కనబడలేదు. ఒక గ్రాము అంటే ఆ సీసాలో 15 మి.లీ. 20 కిలోల పిల్లాడికి 500 మి.గ్రా., అంటే ఏడున్నర మి.లీ. సీసా మొత్తం ఒత్తేస్తే వాడు ఆపుకోలేడు, ఐదు నిమిషాల్లో బయటికొచ్చేస్తుంది, మళ్ళీ జన్మలో ఒప్పుకోడు. అందుకే చీటీ మీద మి.గ్రా. బదులు ఎన్ని మి.లీ. అన్నది రాయించుకోండి. మిగతాది ఎలా తీసేయాలో, సిరంజితో కొలిచి మెత్తటి గొట్టంతో ఎలా ఎక్కించాలో నర్సు చేత ఒకసారి చేయించి చూడండి. మరీ కొంచెం ద్రవం మలాశయం దాటి పైకి వెళ్ళదు. మరీ ఎక్కువైతే నిలవదు. ఎంత పరిమాణం ఇవ్వాలన్నది డాక్టర్ నిర్ణయించాలి.

రాత్రి పడుకోబోయే ముందు, వీలైతే బాత్రూమ్‌కి వెళ్ళొచ్చాక పెట్టాలి. చల్లటి ద్రవం తగలగానే పేగు బిగుసుకుని తోసేస్తుంది కాబట్టి సీసాని పది నిమిషాలు గోరువెచ్చటి నీళ్ళ గిన్నెలో ఉంచండి. మందు అడుగున పేరుకుంటుంది, బాగా గిలకొట్టండి. గిలకొట్టకపోతే నీళ్ళు లోపలికి పోయి మందు సీసాలో మిగులుతుంది. ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టి, ఎడమకాలు చాపి, కుడిమోకాలు పొట్టవైపు మడిపించాలి. పెద్దపేగు చివరి వంపు ఎడమవైపే ఉంటుంది, ద్రవం తనంతట తాను దాంట్లోకి జారుతుంది. మొనకి జెల్లీ రాసి బొడ్డు వైపు చూస్తున్నట్టుగా మెల్లగా దూర్చాలి. అడ్డు తగిలితే తొయ్యొద్దు. నిమిషం పైగా తీసుకుని నెమ్మదిగా ఒత్తి, ఒత్తిన పట్టు వదలకుండానే బయటికి తీయాలి. పట్టు వదిలితే సీసా ద్రవాన్ని వెనక్కి పీల్చుకుంటుంది. అరగంట ఎడమ పక్కనే ఉంచి కథ చెప్పండి. తెల్లారేదాకా నిలిస్తే మంచిదే. మొదటి రాత్రుల్లో అంతసేపు నిలవకపోయినా నిరాశ పడక్కర్లేదు. పుళ్ళు మానేకొద్దీ ఆపుకునే శక్తి పెరుగుతుంది. పావుగంటలోపే బయటికొస్తే మళ్ళీ రెండోసారి ఎక్కించకండి, మరుసటి రోజు డాక్టర్‌ని అడగండి.

పక్క మీద పాత దుప్పటి వేయండి. ఈ మందు గాలి తగిలితే గోధుమరంగుకి తిరుగుతుంది, ఆ మరక చాకిరేవుకి కూడా లొంగదు. రేకు కవరు తెరిచాక సీసాల్ని వెంటనే వాడేసుకోవాలి. లేత రంగు ద్రవం ముదురు గోధుమరంగులోకి మారిపోయి ఉంటే పారేయండి. కొన్ని ఎనీమాల్లో సల్ఫైట్ నిల్వపదార్థం ఉంటుంది. పిల్లాడికి ఉబ్బసం ఉంటే ముందే చెప్పాలి.

పదేళ్ళు దాటిన పిల్లలకి సిగ్గు పెద్ద అడ్డంకి. ఎవరు పెట్టాలో వాళ్ళనే అడగండి. చాలామంది తామే పెట్టుకోగలుగుతారు. బంధువులు ఇంట్లో ఉన్న రోజు తలుపు గడియ వేసే గది ఉండాలి, ఆ విషయం భోజనాల దగ్గర మాట్లాడకూడదు.

సపోజిటరీ

రోగం మలాశయానికే పరిమితమైన పిల్లలకి ఇది చాలు. కానీ పిల్లల్లో అలాంటివాళ్ళు తక్కువ. పెద్దపేగంతా పట్టినవాళ్ళకి మాటిమాటికీ వచ్చే తొందరనీ, నెత్తురునీ తగ్గించే తోడుగా పనికొస్తుంది. మొన నీళ్ళతో తడిపి పెడితే చాలు, ఒకటి రెండు గంటలు ఆగితే మందు దిగినట్టే. మే నెలలో రాజమండ్రిలోనో రామగుండంలోనో మందుల షాపు నుంచి ఇంటికొచ్చేలోపే ఇది మెత్తబడుతుంది. రేకు చింపకుండా కాసేపు చన్నీళ్ళలో ఉంచితే గట్టిపడుతుంది.

పనిచేస్తోందా లేదా

పిల్లల కొలైటిస్‌కి ప్యూకై అనే మార్కుల పద్ధతి ఉంది. కడుపునొప్పి, నెత్తురు, మలం గట్టితనం, రోజుకెన్నిసార్లు, రాత్రి లేవడం, ఆటపాటలు – ఈ ఆరింటికి కలిపి 85 మార్కులు, అందులో 30 నెత్తురుకే. 10 లోపు అణిగినట్టు, 10 నుంచి 34 దాకా తేలిక, 35 నుంచి 64 మధ్యస్థం, 65, ఆపైన తీవ్రం. డాక్టర్ లెక్కేస్తారు గానీ రోజువారీ వివరాలు నోటుబుక్కులో మీరు రాసిపెడితేనే ఆ లెక్క నిజమవుతుంది. రెండు మూడు వారాల్లో మార్కులు చెప్పుకోదగ్గంత తగ్గకపోతే మెసలమైన్ మీదే ఆశ పెట్టుకుని కూర్చోకూడదు. అప్పుడు ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్‌ని రోజుకి కిలోకి 1 మి.గ్రా., గరిష్ఠం 40 మి.గ్రా.తో మొదలుపెట్టి, రెండు మూడు నెలల్లో పూర్తిగా తగ్గించేస్తారు. దాన్ని ఏళ్ళ తరబడి నడిపించడం వైద్యం కాదు. తరచూ తిరగబెడితే అజాథయోప్రిన్, ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి, రోగనిరోధక శక్తిని అణిచే మందులు ఇస్తారు. అజాథయోప్రిన్ మొదలుపెట్టే ముందు ఎన్‌యూడీటీ15 జన్యు పరీక్ష అడగండి. ఆ జన్యువులో తేడా మన ఆసియా వాళ్ళలో ఎక్కువ, అదుంటే తెల్లకణాలు పడిపోతాయి.

పేగు వాపుని మలంలో కొలిచే ల్యాబుల కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష గురించీ రెండు మాటలు. పరీక్ష మంచిదే, రిపోర్టులిచ్చే తీరే విసిగిస్తుంది. నాలుగేళ్ళు దాటినవాళ్ళలో గ్రాముకి 50 మైక్రోగ్రాముల లోపు మామూలు. 250 దాటితే పేగులో వాపు ఇంకా ఉందని బలమైన సూచన. కానీ ఏ ఇన్ఫెక్షన్ వచ్చినా, ఐబుప్రొఫెన్ వాడినా ఇది పెరుగుతుంది. కొన్ని ల్యాబులు "1000 కన్నా ఎక్కువ" అని రాసి ఊరుకుంటాయి. అలా రాస్తే 5,000 నుంచి 1,500కి తగ్గిందన్న మంచివార్త మీకు తెలిసే దారే లేదు. పల్చన చేసి అసలు అంకె ఇస్తారేమో డబ్బు కట్టే ముందే కనుక్కోండి, ప్రతిసారీ ఒకే ల్యాబులో చేయించండి.

ఎదురు తిరిగితే

కొద్దిమంది పిల్లల్లో మొదలుపెట్టిన కొన్ని రోజుల నుంచి మూడు నాలుగు వారాల లోపు జ్వరం వచ్చి, నెత్తురు విరేచనాలు తగ్గకపోగా పెరుగుతాయి. మందు చాలలేదనుకుని మోతాదు పెంచితే ఇంకా పెరుగుతాయి. ఇది మందు పడకపోవడమే. ఆపితే తగ్గుతుంది. నడుముదాకా పాకే పైకడుపు నొప్పి, వాంతులు క్లోమం వాపుకి గుర్తు కావచ్చు. ఛాతీ నొప్పి, ఆయాసం ఉంటే ఆసుపత్రికి. మూత్రపిండాల మీద ప్రభావం అరుదే గానీ చప్పుడు చేయదు కాబట్టి క్రియాటినిన్, మూత్ర పరీక్ష డాక్టర్ చెప్పిన గడువులో చేయించాలి.

జ్వరానికి పారాసెటమాల్ చాలు. ఐబుప్రొఫెన్ పేగుని రేపుతుంది. నిమెసులైడ్‌ని పన్నెండేళ్ళ లోపు పిల్లలకి మన దేశంలో 2011లోనే నిషేధించారు. మోషన్లు ఆపే లోపెరమైడ్ తీవ్రదశలో పేగు ఉబ్బిపోవడానికి దారితీయొచ్చు. పొట్ట ఉబ్బి, జ్వరంతో, గుండె దడతో, మలంకన్నా నెత్తురే ఎక్కువగా పోతుంటే ఈ సమీక్షలో ఉన్న నాలుగింటిలో ఏదీ పనికిరాదు. అదే రోజు ఆసుపత్రిలో చేర్చాలి.

నెత్తురు ఆగాక మందు ఆపేయడం మళ్ళీ మొదటికొచ్చే దారుల్లో పెద్దది. ఆవకాయ మానిపించిన ఇంట్లోనే మాత్ర కూడా మానేస్తుంటారు. ఆవకాయ వల్ల ఈ రోగం రాలేదు.

ఇంకో కంగారు తరచూ వినిపిస్తుంది: మూత్రం పోయగానే టాయిలెట్ బేసిన్‌లో ఎరుపు, గోధుమ కలిసిన రంగు. బేసిన్ని బ్లీచింగ్‌తో కడిగి ఉంటే మెసలమైన్ దానితో కలిసి ఆ రంగు తేలుతుంది. నెత్తురనుకుని పరిగెత్తే ముందు శుభ్రమైన పారదర్శక డబ్బాలో పట్టి చూడండి. అందులోనూ ఎర్రగా ఉంటే అప్పుడు పరీక్షకి ఇవ్వండి.